అద్దె కారుతో దూర ప్రయాణం: తాళం తీసుకునే ముందు, తిరిగిచ్చే ముందు

తొమ్మిది రోజులు, రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు నడిపాం. ఘాట్ రోడ్లు ఎక్కాం, జోరు వానలో వెళ్ళాం, ఒక రాత్రయితే పొగమంచులో ముందు బండి వెనక లైట్లే దారి చూపించాయి. కారుకి ఎక్కడా ఏమీ తగల్లేదు. తీరా అప్పగించడానికి వెళ్తే ముందు బంపరు అడుగున జానెడు గీత చూపించారు. అది మేం చేసింది కాదని నాకు తెలుసు, కానీ చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కారు తీసుకున్న రోజు చీకటి పడింది, చినుకులు పడుతున్నాయి, పిల్లలు ఆకలంటున్నారు. వాళ్ళిచ్చిన కాగితం మీద రెండు నిమిషాల్లో సంతకం పెట్టేశాను. ఆ కాగితంలో బంపరు శుభ్రంగా ఉన్నట్టే రాసుంది. నోరు మూసుకుని కట్టి బయటపడ్డాను.

దూర ప్రయాణం అనగానే అందరి భయమూ రోడ్డు మీదే ఉంటుంది. ఉండాల్సిందే. కానీ అద్దె కారు విషయంలో డబ్బు పోయేది ఎక్కువగా రోడ్డు మీద కాదు. కారు తీసుకునేటప్పటి అరగంటలో, తిరిగిచ్చేటప్పటి అరగంటలో పోతుంది. ఆ రెండు చోట్లా మనం తొందరలో ఉంటాం. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ చెప్తాను.

బుక్ చేసే ముందు లెక్కలు

మొదట కనపడే రోజు అద్దె చూసి సంబరపడకండి. కిలోమీటర్ల పరిమితి ఉందో లేదో చూడండి. రోజుకి ఇన్ని కిలోమీటర్లని పరిమితి పెట్టి, దాటితే కిలోమీటరుకి ఇంతని వేస్తారు. ఊళ్ళో తిరిగేవాళ్ళకి అది పట్టదు గానీ దూరం వెళ్ళేవాళ్ళకి తడిసి మోపెడవుతుంది. మ్యాపులో వచ్చిన దూరానికి కనీసం పావు వంతు కలిపి లెక్క వేసుకోండి. దారి తప్పడం, బస కోసం తిరగడం, చూడాల్సిన చోటు కోసం పక్కకి వెళ్ళడం, ఇవేవీ మ్యాపుకి తెలియవు. రోజు అద్దె కాస్త ఎక్కువైనా పరిమితి లేని కారే చాలాసార్లు చవక పడుతుంది.

రోజు అంటే క్యాలెండరు రోజు కాదు, కారు తీసుకున్న క్షణం నుంచి 24 గంటలు. ఉదయం పదింటికి తీసుకుంటే చివరి రోజు పదింటికే ఇవ్వాలి. కొందరు అరగంటో గంటో చూసీచూడనట్టు వదిలేస్తారు. అది దాటితే ఇంకో పూర్తి రోజు అద్దె పడుతుంది. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలేస్తే దానికి వేరే రుసుము ఉంటుంది. ఒక్కోసారి అది రెండు మూడు రోజుల అద్దెతో సమానమవుతుంది, కాబట్టి ముందే అడగండి.

బుక్ చేసిన మోడలే వస్తుందనుకోవద్దు. మీరు బుక్ చేసేది తరగతిని, కారుని కాదు. ‘లేదా అలాంటిదే’ అన్న మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఐదుగురు కూర్చునే కారులో ఐదుగురూ, ఐదు పెద్ద సూట్‌కేసులూ పట్టవు. ఈ సంగతి డిక్కీ ముందు నిలబడి తెలుసుకోకూడదు. గేర్ల సంగతి కూడా ఇంతే. ఆటోమేటిక్ మాత్రమే అలవాటున్నవాళ్ళు ఆ మాట బుకింగులో స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇక డ్రైవరు సంగతి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ అసలు కొంప మునిగేది ఇక్కడే. ఒప్పందంలో పేరున్న మనిషే నడపాలి. ‘నువ్వు అలిసిపోయావు, కాసేపు నేను నడుపుతా’ అని పేరు లేని తమ్ముడో, భార్యో, స్నేహితుడో స్టీరింగు పట్టుకున్న ఆ గంటలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు. దూర ప్రయాణానికి ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి కాబట్టి, కొంత అదనంగా కట్టయినా సరే రెండో పేరు రాయించండి. పాతికేళ్ళ లోపువాళ్ళకి చాలాచోట్ల అదనపు రుసుము ఉంటుంది, కొన్ని రకాల కార్లు అసలు ఇవ్వరు.

వేరే దేశంలో నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అవసరం పడొచ్చు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకొకటి. 1949 రకం ఏడాది పాటు చెల్లుతుంది, 1968 రకం మూడేళ్ళ దాకా ఉండొచ్చు. మీరు వెళ్ళే దేశం ఏ రకాన్ని ఒప్పుకుంటుందో చూసుకోవాలి. ఈ పర్మిట్ మీ లైసెన్సుకి అనువాదం లాంటిదే తప్ప లైసెన్సు కాదు. అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి ఇదొక్కటే పట్టుకెళ్తే కారు ఇవ్వరు. పర్మిట్ తీసుకోవాల్సింది మీకు లైసెన్సు ఇచ్చిన దేశంలోనే కాబట్టి విమానం ఎక్కే ముందే ఆ పని చూసుకోండి. సరిహద్దు దాటే ఉద్దేశం ఉంటే అదీ ముందే చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఓడలో కారు ఎక్కించడానికీ, మట్టి రోడ్ల మీద నడపడానికీ కూడా చాలా ఒప్పందాల్లో అడ్డంకులు ఉంటాయి.

క్రెడిట్ కార్డు ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. డెబిట్ కార్డు చెల్లదనేవాళ్ళూ ఉన్నారు. డిపాజిట్ పేరుతో కార్డు మీద పెద్ద మొత్తం బిగబెడతారు. అది ఖర్చు కాకపోయినా, అన్నాళ్ళూ ఆ సొమ్ము మీది కానట్టే. బసకీ, పెట్రోలుకీ అదే కార్డు నమ్ముకుంటే మధ్యదారిలో పరిమితి అయిపోతుంది. ఇంకో కార్డు దగ్గర పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ అనే చిక్కుముడి

కౌంటరు దగ్గర మూడు అక్షరాల పేర్లేవో గబగబా చదివి ‘ఇది తీసుకుంటే మీకు టెన్షన్ ఉండదు’ అంటారు. అప్పటికి మనం పది గంటల ప్రయాణం చేసి వచ్చుంటాం. వెనక పెద్ద వరుస ఉంటుంది. సరే అనేస్తాం, లేదా చిరాకుతో వద్దనేస్తాం. రెండూ తప్పే. ఈ నిర్ణయం ఇంట్లో కూర్చుని తీసుకోవాలి.

విషయం సూటిగా చెప్పాలంటే ఇది. కారుకి దెబ్బ తగిలితే ఒక మొత్తం దాకా మీరు కట్టాలి, ఆపైన అయ్యేది వాళ్ళు చూసుకుంటారు. మీ వంతు అయిన ఆ మొత్తాన్నే ‘ఎక్సెస్’ అంటారు. మామూలు అద్దెలో కలిసే రక్షణకి ఎక్సెస్ చాలా పెద్దది ఉంటుంది. అదనంగా కడితే దాన్ని తగ్గిస్తారు, ఇంకా కడితే సున్నా చేస్తారు. దొంగతనానిది ఒక్కోసారి ఇందులోనే ఉంటుంది, ఒక్కోసారి వేరే. ఎదుటి మనిషికీ, ఎదుటి బండికీ జరిగిన నష్టానికి ఉండేది ఇంకో రక్షణ. అది ఎంత దాకా వర్తిస్తుందో తప్పకుండా చూడండి. కారు సొట్ట కంటే మనిషి ప్రాణం లెక్క ఎన్నో రెట్లు పెద్దది.

అన్నీ కవర్ అవుతాయి అన్నా అన్నీ కావు. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పైకప్పు, లోపలి సీట్లు, పోయిన తాళం, తప్పుడు ఇంధనం, వీటిలో కొన్నో అన్నీనో మినహాయింపుల కింద ఉంటాయి. దూర ప్రయాణంలో ఎక్కువగా దెబ్బతినేవి సరిగ్గా టైర్లు, ముందు అద్దం, అడుగు భాగం. గాలి బాగా వీచే చోట తలుపు ఎగిరి వెనక్కి విరుచుకుపడితే, అదీ మీ ఖర్చే అనేవాళ్ళున్నారు. తాగి నడిపినా, పేరు లేని మనిషి నడిపినా ఎంత ఖరీదైన రక్షణ తీసుకున్నా పనికి రాదు.

ఎక్సెస్ మొత్తాన్ని తిరిగి ఇచ్చే పాలసీ బయట వేరేగా కొనుక్కోవచ్చు. కౌంటరు దగ్గరి ధర కంటే అది బాగా చవక. కానీ ఒక మెలిక ఉంది. దెబ్బ తగిలితే ముందు అద్దె కంపెనీకి మీరే కట్టి, తర్వాత కాగితాలు పంపి తిరిగి రాబట్టుకోవాలి. డిపాజిట్ కూడా పూర్తిగా బిగబెడతారు. కొన్ని క్రెడిట్ కార్డులతోనూ రక్షణ వస్తుంది. దానికి అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కౌంటరు దగ్గరిది వద్దనాలి వంటి షరతులుంటాయి. నేనైతే తెలిసిన రోడ్లకి బయటి పాలసీతో సరిపెట్టుకుంటాను. కొత్త చోట కొండ దారుల్లో వారం పైన నడపాలంటే కౌంటరు దగ్గరే ఎక్సెస్ సున్నా చేయించుకుంటాను. ఖరీదే, ఒప్పుకుంటాను.

తాళం చేతికొచ్చాక

సామాను డిక్కీలో పెట్టకండి. పిల్లల్ని ఎక్కించకండి. ముందు ఫోన్ తీయండి.

వీడియో ఏకబిగిన తీయాలి, మధ్యలో ఆపకూడదు. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి, కారు చుట్టూ నెమ్మదిగా తిరగండి. నాలుగు చక్రాల రిమ్ములు, అద్దాల అంచులు, పైకప్పు, తలుపు పిడుల కింద గోటి గీతలు, అన్నీ రావాలి. తర్వాత నిలబడి కాదు, వంగి, అవసరమైతే మోకాళ్ళ మీద కూర్చుని రెండు బంపర్ల అడుగు భాగం తీయండి. నా డబ్బు పోయింది అక్కడే. ముందు అద్దం మీద రాయి తగిలిన చుక్కంత పగులు ఉందేమో పక్క నుంచి చూడండి, ఎదురుగా చూస్తే కనపడదు. చివర్లో లోపల కూర్చుని డాష్‌బోర్డు మీద కిలోమీటర్లూ, ఇంధనం ముల్లూ, వెలుగుతున్న హెచ్చరిక లైట్లూ తీయండి. కారు తడిగా ఉంటే గీతలు మాయమవుతాయి, అప్పుడే కడిగి తెచ్చిన కారైతే మరీను. గుడ్డ తీసుకుని తుడవండి. చీకటిగా ఉంటే లైటు కిందకి తెమ్మనండి. మొహమాటపడకండి, సిబ్బందికి ఇది రోజూ ఉండేదే.

కనపడ్డ ప్రతి గీతా వాళ్ళ కాగితంలోకి ఎక్కాలి. ‘అంత చిన్నది లెక్కలోకి రాదు లెండి’ అంటారు. అయినా రాయమనండి. రాశాకే సంతకం.

టైర్ల మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. టైరు పక్క గోడ మీద ‘డాట్’ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేడేళ్ళు దాటిన టైరుతో వేల కిలోమీటర్లు వెళ్ళడం నాకిష్టం ఉండదు, పైకి గాడులు లోతుగా కనపడినా సరే. గాడుల లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి, అవి టైరు పైభాగంతో సమానమయ్యాయంటే టైరు అయిపోయినట్టే. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనపడే స్టిక్కరు మీద ఉంటుంది. దాని మీద రెండు లెక్కలుంటే నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటిది తీసుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. గంట నడిపాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

డిక్కీ కింద స్టెప్నీ ఉందో లేదో ఎత్తి చూడండి. చాలా కొత్త కార్లలో ఉండదు. దాని బదులు జిగురు డబ్బా, గాలి కొట్టే చిన్న యంత్రం పెడతారు. మేకు గుచ్చుకున్న పంచరుకి అది పనికొస్తుంది గానీ, టైరు పక్క గోడ చీరుకుపోతే దండగ. బక్కపల్చటి స్టెప్నీ ఇస్తే దాని మీదే రాసుంటుంది, గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదని. దానితో పంచరు షాపు దాకా వెళ్ళగలం, మిగతా యాత్ర చేయలేం. జాకీ, పానా ఉన్నాయో చూశాక ఇంకో వస్తువు కోసం వెతకండి. కొన్ని కార్లలో రిమ్ముకి దొంగల భయంతో ప్రత్యేకమైన నట్టు బిగిస్తారు, దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన బిళ్ళ ఉండాలి. అది లేకపోతే జాకీ ఉన్నా చక్రం ఊడదు.

తర్వాత పది నిమిషాలు కదలకుండా డ్రైవరు సీట్లో కూర్చోండి. వైపర్లు, హెడ్‌లైట్లు, పొగమంచు లైటు, అద్దం మీద ఆవిరి పోగొట్టే బటను, రివర్సు గేరు ఎలా పడుతుందో, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఎలా వదులుతుందో, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే ఎర్ర త్రికోణం ఎక్కడుందో చూసుకోండి. ఇవన్నీ రోడ్డు మీద వానలో వెతుక్కునేవి కావు. ఇంధనం ఏదో మూత లోపల చదివి, ఫోటో తీసి పెట్టుకోండి. చాలా కార్లలో మీటరు పక్కన ఇంధనం బొమ్మ దగ్గర చిన్న బాణం ఉంటుంది, మూత ఏ వైపు ఉందో అది చెప్తుంది. ఆ బాణం సంగతి నాకు పదేళ్ళు నడిపాక గానీ తెలియలేదు.

దారిలో

గంటకి 90 కిలోమీటర్ల వేగంతో కారు సెకనుకి 25 మీటర్లు వెళ్తుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే వంద మీటర్లు ఎవరూ నడపకుండా వెళ్ళినట్టు. కునుకు చెప్పి రాదు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్ళు నిద్రని కోరుకుంటుంది, ఆ వేళల్లో పొడుగాటి దారి పెట్టుకోకండి. అద్దం దించితే, పాటలు పెంచితే కాసేపు తెలివొచ్చినట్టు ఉంటుంది, అంతే. కారు భద్రమైన చోట ఆపి, కాఫీ తాగి, పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయడం మంచి పద్ధతి. కాఫీ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది, ఈలోగా నిద్రా అవుతుంది. కళ్ళు మండుతూ, గడిచిన ఐదు కిలోమీటర్లు ఎలా వచ్చాయో గుర్తు లేకపోతే మాత్రం కాఫీతో సరిపెట్టకండి, ఆ రోజుకి అక్కడే ఆగిపోండి. రెండు గంటలకోసారి దిగి నడవడం, డ్రైవర్లు మారడం ముందే అనుకుని ఉంచుకోవాలి. విమానం దిగిన రోజున దూరం పెట్టుకోకపోవడమే మేలు.

అలవాటు లేని వైపు నడపాల్సిన దేశంలో తప్పు జరిగేది రద్దీలో కాదు. రద్దీలో ముందు బండిని అనుసరిస్తాం. పొద్దున్నే ఖాళీ పార్కింగులోంచి బయటికి వచ్చేటప్పుడో, పెట్రోలు బంకులోంచి నిర్మానుష్యమైన రోడ్డెక్కేటప్పుడో పాత అలవాటు చెయ్యి పట్టుకుని లాగుతుంది. గుర్తు ఒకటే, డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి. పక్క సీట్లో మనిషికి ప్రతి మలుపులోనూ ఆ మాట అనే పని అప్పగించండి. వారం రోజులు చిరాగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

నిండా సామానుతో ఉన్న కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆటోమేటిక్ కారులో కూడా గేరు తగ్గించే వీలుంటుంది, అది ఎక్కడుందో ముందే తెలుసుకోండి. వెనక బరువుకి హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. వాటిని దించే చిన్న చక్రం చాలా కార్లలో స్టీరింగు పక్కన ఉంటుంది.

పెట్రోలు గొట్టం సన్నగా ఉంటుంది, డీజిల్ కారులోకి తేలిగ్గా దూరిపోతుంది. పొరపాటు జరిగిందని తెలిస్తే కారు స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. బంకులోనే పక్కకి తోయించి కంపెనీకి ఫోన్ చేయండి. ట్యాంకు ఖాళీ చేయిస్తే పోయే ఖర్చు వేరు, స్టార్ట్ చేస్తే ఇంజను దాకా పోయే ఖర్చు వేరు. ఎలక్ట్రిక్ కారైతే చలిలో, వేగంగా వెళ్ళినప్పుడు చెప్పిన దూరం రాదు. ఫాస్ట్ ఛార్జింగు కూడా 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది, అందుకని నిండేదాకా ఆగడం కన్నా రెండుసార్లు కొంచెం కొంచెం పెట్టుకోవడమే త్వరగా అవుతుంది.

దెబ్బ తగిలితే మనుషుల సంగతి ముందు. ఆ తర్వాత పోలీసులకి చెప్పి రిపోర్టు కాపీ తీసుకోండి, చిన్నదే కదా అని వదిలేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు మొట్టమొదట అడిగేది అదే. కంపెనీని అడక్కుండా మెకానిక్ చేత ఏమీ చేయించకండి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

అప్పగించేటప్పుడు

విమానానికి గంటన్నర ముందు కారు ఇవ్వడానికి వెళ్ళేవాడు ఏం రాసినా సంతకం పెడతాడు. అది వాళ్ళకీ తెలుసు. ఒక గంట ఎక్కువ పెట్టుకోండి, వీలైతే పగటి పూట, ఆఫీసు తెరిచి ఉన్నప్పుడు వెళ్ళండి. రాత్రి తాళం పెట్టెలో వేసి వెళ్ళిపోతే, పొద్దున వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ కారుకి ఏం జరిగినా బాధ్యత మీదే అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. తప్పనిసరైతే పార్కు చేసిన చోట మళ్ళీ మొత్తం వీడియో తీయండి.

నిండా తీసుకుని నిండా ఇచ్చే పద్ధతైతే దగ్గర్లోని బంకులో నింపి రసీదు ఉంచుకోండి. ముందే ట్యాంకు డబ్బు కట్టించుకుని ఖాళీగా ఇచ్చేయమనే పద్ధతి నాకు నచ్చదు, ఎవరూ ఖాళీ ట్యాంకుతో అక్కడికి చేరరు. మిగిలింది వాళ్ళకి లాభం. సీట్ల కింద చెయ్యి పెట్టి వెతకండి. కారుకి కలిపిన ఫోన్ పేరు, అందులోకి వెళ్ళిన కాంటాక్టులు, నావిగేషన్‌లో దాచిన ఇంటి చిరునామా తుడిపేయండి. ఇది చాలామంది మరిచిపోతారు.

కారు చూశాక ‘కొత్త దెబ్బలు లేవు’ అని రాసి సంతకం చేసిన కాగితం అడగండి. వేరే దేశంలో కార్డు గీకేటప్పుడు మీ సొంత కరెన్సీలో కావాలా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే వేయించండి. లేకపోతే మారకం పేరుతో కొంత పోతుంది. టోల్ బాకీలు, స్పీడు కెమెరా జరిమానాలు వారాల తర్వాత వస్తాయి. కంపెనీ వాటి మీద తన సేవా రుసుము కూడా వేస్తుంది.

కిందటిసారి కారు ఇచ్చినప్పుడు అక్కడి కుర్రాడు ఎడమ వెనక చక్రం రిమ్ము దగ్గర వంగి, ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఫోన్ తీసి మొదటి రోజు వీడియో పెట్టి అతని చేతిలో పెట్టాను. ఒక నిమిషం చూశాడు, రాసింది కొట్టేశాడు, ఫోన్ తిరిగిచ్చాడు. ఆ వీడియోని డిపాజిట్ వెనక్కి వచ్చి, ఇంకో మూడు నెలలు గడిచేదాకా తుడిపేయలేదు.